ఐదో సబ్జెక్టు

రెండేళ్ళ క్రితం సంగతి. మా అమ్మాయి పదో తరగతి అయ్యి పదకొండులోకి వచ్చింది. సీబీఎస్‌ఈ కాబట్టి ఇంగ్లీషు, లెక్కలు, ఫిజిక్సు, కెమిస్ట్రీ నాలుగూ ఖాయం. ఐదోది మాత్రం మనిష్టం. ఇంట్లో ఇరవై రెండేళ్ళుగా కోడు రాసుకుని బతుకుతున్న తండ్రి ఉన్నాడు కదా, కంప్యూటర్ సైన్సే తీసుకుంటుందని అడక్కుండానే అనేసుకున్నాను. అదేమో ఫారం నింపి తెచ్చి నా ముందు పెట్టింది. ఐదో గడిలో "ఫిజికల్ ఎడ్యుకేషన్" అని ఉంది.

"పీటీ కూడా ఒక సబ్జెక్టేనా తల్లీ?" అన్నాను.

"పీటీ కాదు నాన్నా. ట్రైనింగు, న్యూట్రిషను, గాయాలు, బయోమెకానిక్సు అన్నీ ఉంటాయి. డెబ్భై మార్కులకి రాత పరీక్ష, ముప్ఫైకి ప్రాక్టికల్సు."

"అదే నేనూ అంటున్నది. ఆడుకోవడానికి రాత పరీక్షెందుకు?"

చాలా తెలివిగా మాట్లాడాననుకున్నాను. వాదన రెండు రోజులు నడిచింది. మూడో రోజు వాళ్ళమ్మ అటు చేరడంతో రెండు ఓట్లకి ఒక ఓటుగా ఓడిపోయాను. మర్నాడు ఆఫీసులో లంచ్ దగ్గర "మా అమ్మాయి గుంజీళ్ళలో స్పెషలైజేషన్ చేస్తోంది" అని జోకు కూడా వేశాను. అందరూ నవ్వారు. ఈ టపా ఆ జోకుకి క్షమాపణ అనుకోండి.

ఆ డిసెంబర్లో మా ఆఫీసు క్రికెట్ టోర్నమెంటు జరిగింది. సంవత్సరమంతా కుర్చీకి అతుక్కుపోయి ఉండే నలభై ఏడేళ్ళ మనిషి, పొద్దున్నే చలిలో రెండిడ్లీలు తిని, వార్మప్పూ గట్రా ఏమీ లేకుండా బ్యాటు పట్టుకుని, లేని రెండో పరుగు కోసం పరిగెత్తాడు. తొడ వెనకాల టప్పుమంది. రనౌట్ కూడా అయ్యాను, అది వేరే సంగతి :)

కుర్రాళ్ళు ఇద్దరు నన్ను మోసుకొచ్చి ఇంటి దగ్గర దించారు. మా అమ్మ ఆముదం వేడి చేసి తెచ్చి, "నరం తప్పుకుంది, గట్టిగా రుద్దితే అదే సర్దుకుంటుంది" అంది. మా అమ్మాయి పక్కనే నిలబడి, "నాన్నమ్మా, వేడి పెట్టొద్దు, రుద్దొద్దు. కండ చిరిగితే లోపల రక్తం కారుతూ ఉంటుంది. మొదటి రెండు మూడు రోజులు వేడీ, మర్దనా పనికిరావు" అంది. ఇంట్లో పెద్దవాళ్ళం ముగ్గురం ఉన్నాం. ఒక్కళ్ళమూ వినలేదు. "పొద్దున్నే స్కూలుంది, వెళ్ళి చదువుకో పో" అన్నాను. అది చెప్పిందే చదువు అని నాకు తట్టలేదు.

తెల్లారేసరికి తొడ వెనకంతా వంకాయ రంగు తిరిగింది. ఫిజియోథెరపిస్టు చూసి అడిగిన మొదటి ప్రశ్న: "ఎవరండీ దీన్ని రుద్దింది?" మూడు నాలుగు వారాల్లో సర్దుకునేదేమో, తొమ్మిది వారాలు పట్టింది.

ఇంట్లో కాలు చాపుకుని కూర్చున్న ఆ రోజుల్లో ఏమీ తోచక మా అమ్మాయి పుస్తకం తీశాను. మొదట ఎగతాళిగా చదివాను. తర్వాత సిగ్గుపడుతూ చదివాను. కాస్త మన భాషలో చెప్తాను.

వ్యాయామం చేస్తున్నప్పుడు ఒళ్ళు బలపడదట. అప్పుడు అలిసిపోతుంది, కొంచెం దెబ్బతింటుంది కూడా. తర్వాత తిండీ, నిద్రా దొరికినప్పుడు బాగుచేసుకుంటుంది. బాగుచేసుకునేటప్పుడు పాత స్థాయి దగ్గరే ఆగకుండా ఇంకొంచెం ఎక్కువే కట్టుకుంటుంది. బలం అంటే ఈ అదనపు కట్టుబడి. కాబట్టి బరువు పెంచాలి, కానీ కొంచెం కొంచెంగా పెంచాలి. మధ్యలో విశ్రాంతి ఇవ్వాలి. విశ్రాంతి అంటే పని ఎగ్గొట్టడం కాదు, పనిలో సగం అదే. వారానికి పది శాతం కంటే ఎక్కువ పెంచకూడదు అనే లెక్కొకటి పరుగుల వాళ్ళలో ప్రచారంలో ఉంది గానీ, ఆ పదికి అంత గట్టి రుజువేం లేదు. అసలు సూత్రం మాత్రం నిజం: ఒక్కసారిగా పెంచితే తెగుతుంది.

ఈ సంగతి మనకి తెలియదా? పదిమంది వాడే సర్వరు మీదకి ఒక్క రాత్రిలో పదివేల మందిని వదులుతామా? ముందు టెస్టు చేస్తాం, మెల్లగా పెంచుతాం, గ్రాఫులు చూస్తూ కూర్చుంటాం. నెలకి ఇంత అని అద్దె కట్టే మిషన్ మీద ఇంత శ్రద్ధ ఉంది. పుట్టినప్పట్నించీ వాడుతున్న మిషన్‌ని మాత్రం ఏ టెస్టూ లేకుండా ఏడాదికోసారి నేరుగా ప్రొడక్షన్లోకి తోసేస్తాం.

మా స్కూల్లో పీటీ అంటే ఏంటో చెప్తాను. ఒంగోలు దగ్గర జిల్లా పరిషత్ హైస్కూలు, 1990 ప్రాంతం. విజిల్ వేస్తే లైన్లో నిలబడాలి. వంగి కాలి వేళ్ళు పట్టుకుని సార్ పది లెక్కపెట్టేదాకా అలాగే ఉండాలి. ఆ తర్వాత కబడ్డీ. మధ్యలో దాహం వేసినా నీళ్ళు తాగనిచ్చేవాళ్ళు కాదు, కడుపులో పట్టేస్తుందని. ఎండలో చెమటోడ్చే పిల్లాడికి నీళ్ళు ఆపడం ఎంత ప్రమాదమో ఇప్పుడు తెలుసు. అలాగే చల్లటి కండల్ని లాగి పట్టుకుని నిలబడటం వార్మప్ కాదు. మరీ ఎక్కువసేపు, అంటే నిమిషానికి మించి అలా పట్టుకుంటే, ఆ వెంటనే చేసే పరుగులో, దూకుడులో కండ బలం కాసేపు తగ్గుతుందని కూడా తేలింది. మెల్లగా పరిగెత్తడం, మోకాళ్ళు ఎత్తుతూ నడవడం, గెంతడం, పక్కలకి జరగడం ఇలాంటివి చెయ్యాలి. మా సార్‌ని తప్పుపట్టడం లేదు. ఆయనకి ఎవరూ చెప్పలేదు, ఆయన మాకు చెప్పలేదు.

చెప్తే ఏమవుతుందో తెలిసిన ఉదాహరణ ఒకటుంది. ఫిఫా వాళ్ళు 2006లో ఎలెవన్ ప్లస్ అని ఒక వార్మప్ తయారుచేయించారు. ఇరవై నిమిషాలు పడుతుంది. ఖరీదైన సామానేం అక్కర్లేదు. కొంచెం పరుగు, కొంచెం బలానికి సంబంధించినవి, ఒంటికాలి మీద నిలబడటం, దూకి దిగేటప్పుడు మోకాళ్ళు లోపలికి వాలకుండా దిగడం. నార్వేలో 13 నుంచి 17 ఏళ్ళ ఫుట్‌బాల్ అమ్మాయిలు 1,892 మంది మీద దీన్ని పరీక్షించి 2008లో ఫలితాలు ప్రచురించారు. వార్మప్ చేసిన జట్లలో మొత్తం గాయాలు దాదాపు మూడోవంతు తక్కువ. కాలి గాయాలు మాత్రమే విడిగా లెక్కేస్తే తేడా అంత గట్టిగా తేలలేదని కూడా వాళ్ళే రాశారు. తీవ్రమైన గాయాలు మాత్రం బాగా తగ్గాయి. మందు లేదు, మాత్ర లేదు. ఇరవై నిమిషాలు, అంతే.

ఇక్కడ మీలో కొందరు అనబోయేది నాకు తెలుసు. ఎందుకంటే నేనూ అదే అన్నాను. "మనం ఇవన్నీ చదివే ఆడామా? చెట్లెక్కాం, కాలవల్లో దూకాం, చెప్పుల్లేకుండా పరిగెత్తాం, బాగానే ఉన్నాం కదా?"

బాగానే ఉన్నవాళ్ళం మాట్లాడుతున్నాం కాబట్టి బాగానే ఉంది. క్రాష్ అయిపోయిన సర్వర్లు లాగులు పంపవు కదండీ.

మా క్లాసులో ఒకడుండేవాడు. పేరెందుకు లెండి. కబడ్డీలో వాడు కూతకి వెళ్తే అవతలి జట్టు వెనక్కి జరిగేది. తొమ్మిదిలో జిల్లా జట్టుకి ఆడాడు. స్పోర్ట్సు కోటాలో పోలీసు ఉద్యోగం ఖాయమని ఊరంతా అనుకునేది. పదో తరగతిలో ఒక మ్యాచ్‌లో కాలు నేల మీద అలాగే ఉండి ఒళ్ళు తిరిగింది. మోకాలు బూరెలా పొంగింది. ఊళ్ళో కట్టు కట్టేవాళ్ళు చూసి లాగి, రుద్ది, కట్టు వేశారు. మూడు వారాలకి వాపు తగ్గింది. వాపు తగ్గితే తగ్గినట్టే అనుకుని మళ్ళీ ఆడాడు. మళ్ళీ జారింది. మూడోసారి తర్వాత మెట్లు దిగడానికి కూడా గోడ పట్టుకునేవాడు. తెగింది లిగమెంటు అని, అది రుద్దితే అతుక్కోదని చెప్పేవాళ్ళు మా చుట్టూ పాతిక కిలోమీటర్లలో ఒక్కళ్ళూ లేరు.

అదే దశాబ్దంలో పుల్లెల గోపీచంద్‌కి కూడా ఆటలోనే మోకాలి లిగమెంటు తెగింది. ఆపరేషన్లు చేయించుకున్నాడు, నెలల తరబడి కాలిని మళ్ళీ తయారు చేసుకున్నాడు, 2001లో ఆల్ ఇంగ్లాండ్ గెలిచాడు. మా వాడు గోపీచంద్ అయ్యేవాడని అనను. కానిస్టేబులు అయ్యేవాడు. ఇప్పుడు ఊళ్ళో చిన్న కొట్టు పెట్టుకున్నాడు, స్టూలు మీద కూర్చునే సరుకు ఇస్తాడు. వాడికి కావాల్సింది అంతర్జాతీయ కోచ్ కాదు. "మోకాలు తిరిగి వెంటనే పొంగితే ఆడకు, ఎముకల డాక్టరుకి చూపించు" అనే ఒక్క వాక్యం. ఆ వాక్యం తెలిసినవాడు క్లాసులో ఒక్కడుంటే చాలు.

అందుకే నా వాదన ఇది. క్రీడా శాస్త్రం ఛాంపియన్లు కాబోయేవాళ్ళ కోసం కాదు. వాళ్ళకి కోచ్‌లుంటారు, ఫిజియోలుంటారు. ఈ చదువు ఛాంపియన్లు కానివాళ్ళకి, అంటే మిగిలిన మనందరికీ.

ఇక అసలు విషయానికొస్తాను. ఇది రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను. మా అమ్మాయికి చూపించాను. చదివి, "పేరు రాయకు, మిగతాదంతా రాయి" అంది.

పన్నెండులో ఉండగా అది స్కూలు బాస్కెట్‌బాల్ జట్టులో ఉంది. జిల్లా పోటీలకని ప్రాక్టీసు రోజుకి గంట నుంచి రెండున్నర గంటలకి పెరిగింది. అదే సమయంలో ఫిట్‌గా ఉండాలని అన్నం సగం చేసింది. మేం మెచ్చుకున్నాం కూడా. కొన్నాళ్ళకి సాయంత్రాలు నీరసంగా పడుకోవడం మొదలుపెట్టింది. నేను బద్ధకం అన్నాను. మోకాలి కింద ముందు ఎముక దగ్గర నొప్పి అంది. కోచ్ "ఆడేకొద్దీ అదే పోతుంది" అన్నాడట. ఒక రాత్రి పుస్తకం తెచ్చి వాళ్ళమ్మ ముందు పెట్టి, ఒక పేరా చూపించి, "అమ్మా, నాకు మూడు నెలల్నించి పీరియడ్సు రావడం లేదు. ఇది చదువు" అంది.

ఆ పేరా ఏంటంటే, ఆటలాడే అమ్మాయిల్లో మూడు కలిసి వచ్చే సమస్య. ఖర్చు చేసే శక్తికి సరిపడా తిండి లేకపోవడం, నెలసరి ఆగిపోవడం, ఎముకలు పలచబడటం. ఒంటికి చాలినంత శక్తి అందనప్పుడు అది ముఖ్యమైన పనులకి ఉంచుకుని మిగతావి ఆపేస్తుంది. బ్యాటరీ తగ్గితే ఫోను చేసే పనే. 2014లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ నిపుణులు ఇది మగపిల్లలకీ వస్తుందని, గుండె, రోగనిరోధక శక్తి లాంటివాటి మీద కూడా ప్రభావం ఉంటుందని చెప్పి దీన్ని ఇంకా విస్తరించారు.

డాక్టరు దగ్గరికి వెళ్ళాం. స్కానింగులో తేలిందేంటంటే ఎముక ఇంకా విరగలేదు, విరగడానికి తయారవుతోంది. ఒక పెద్ద దెబ్బ వల్ల కాకుండా, చిన్న చిన్న అదుర్లు బాగుచేసుకునే టైము లేకుండా పోగుపడితే వచ్చేది ఇది. పీవీ సింధుకి కూడా 2022 కామన్వెల్త్ క్రీడలప్పుడు చీలమండలో ఇలాంటి స్ట్రెస్ ఫ్రాక్చరే వచ్చి, ఆ తర్వాత నెలల తరబడి ఆటకి దూరంగా ఉండాల్సి వచ్చింది. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ కూడా తక్కువే. నేను బద్ధకం అన్నది దాన్నే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 లెక్కల్లో మన దేశంలో 15 నుంచి 19 ఏళ్ళ అమ్మాయిల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉంది. అంటే క్లాసులో సగం మందికి పైగా అమ్మాయిల్ని మనం బద్ధకస్తులంటూ ఉండొచ్చు.

ఆ పిల్ల ఆ పేరా చదవకపోతే ఏం జరిగేది? వాళ్ళమ్మ "ఆటలాడే పిల్లలకి మామూలేలే" అనుకునేది, తన చిన్నప్పుడు అదే విన్నది కాబట్టి. నాకైతే ఎవరూ చెప్పేవాళ్ళే కాదు. కోచ్‌కి ఆ మాట చెప్పే ధైర్యం మన ఇళ్ళల్లో ఏ పదిహేడేళ్ళ అమ్మాయికీ ఉండదు. పుస్తకంలో అచ్చయి ఉంది కాబట్టి, పరీక్షలో వచ్చే ప్రశ్న కాబట్టి, సిగ్గు లేకుండా వేలు పెట్టి చూపించగలిగింది. నేను నవ్విన సబ్జెక్టు చేసిన పని అది.

జిల్లా పోటీలు పోయాయి. రెండు రోజులు ఏడ్చింది. అన్నం మళ్ళీ నిండుగా వచ్చింది, గుడ్లు, పప్పు, ఆకుకూర పెరిగాయి, డాక్టరు ఐరన్ మాత్రలు రాశారు. అన్నం తినగానే టీ తాగే అలవాటు మా ఇంట్లో అందరం మానేశాం, తిండిలోని ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వదు కాబట్టి. ప్రోటీన్ పౌడరు డబ్బా కొందామని నేనంటే మా అమ్మాయే లెక్క చెప్పింది. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం మామూలు మనిషికి కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాములు చాలు. గట్టిగా ఆడేవాళ్ళకి 1.2 నుంచి 2 దాకా అంటారు. యాభై కిలోల పిల్లకి 1.2 చొప్పున 60 గ్రాములు. ఒక గుడ్డుకి ఆరు గ్రాములు వేసుకుని, పప్పు, పెరుగు, పాలు, శనగలు, చికెన్ కలుపుకుంటూ పోతే డబ్బా లేకుండానే వచ్చేస్తుంది. మూడు నెలల తర్వాత మళ్ళీ కోర్టులోకి దిగింది, మొదటి వారం పదిహేను నిమిషాలే.

ఇంతా చెప్పి ఆ సబ్జెక్టు అద్భుతంగా చెప్తున్నారని అనలేను. చాలాచోట్ల దానికున్న పేరు "స్కోరింగ్ సబ్జెక్టు". నూటికి తొంభై ఐదు తెచ్చిపెట్టి శాతం పెంచుతుందని తీసుకుంటారు. నిర్వచనాలు బట్టీ పడతారు. ప్రాక్టికల్ రికార్డు బొమ్మలతో సహా బయట రాయించుకునేవాళ్ళున్నారు. మా అమ్మాయి నోట్సులో దెబ్బ తగిలితే రైస్ అని ఉంది, అంటే విశ్రాంతి, ఐసు, బిగుతు కట్టు, ఎత్తులో పెట్టడం. 1978లో ఆ మాట పుట్టించిన డాక్టర్ గేబ్ మిర్కినే 2014లో, పూర్తి విశ్రాంతీ ఐసూ మానడాన్ని ఆలస్యం చెయ్యొచ్చని తన మాట తనే మార్చుకున్నాడు. ఇప్పుడు మొదటి ఒకటి రెండు రోజులు కాపాడుకుని, నొప్పి ఒప్పుకున్నంతలో మెల్లగా కదలమంటున్నారు. నేనడిగితే మా అమ్మాయి, "పరీక్షలో రైస్ అని రాయాలి నాన్నా, నీ కాలికి మాత్రం ఇది చెయ్యాలి" అంది. శాస్త్రం అంటే ఇలా మారుతుంటుందని చెప్పడానికి ఇంతకంటే మంచి పాఠం ఉంటుందా? దాన్ని వదిలేసి నాలుగక్షరాలు బట్టీ పట్టిస్తున్నాం.

రెండోది, ఇది పదకొండులో మొదలవడం ఆలస్యం, అందులోనూ ఇష్టమైనవాళ్ళకే. పిల్లలు ఒక్కసారిగా ఎత్తు పెరిగేది, మోకాళ్ళ నొప్పులు మొదలయ్యేది అంతకు ముందే. ఏడు, ఎనిమిది తరగతుల్లో అందరికీ ఉండాలి. మార్కులు లేకపోయినా పర్లేదు. ఒక నోటుబుక్కు ఇచ్చి, ఎన్ని గంటలు పడుకున్నాను, పొద్దున్న లేవగానే నాడి ఎంత, ఇవాళ ఎంతసేపు ఆడాను, ఎక్కడన్నా నొప్పుందా అని ఒక నెల రాయించండి. సైన్సు సారూ, పీటీ సారూ కలిసి ఆ అంకెల మీద పాఠం చెప్పండి. తన ఒంటి డేటా తను చదవడం వచ్చినవాడు రేపు మనలాగా నలభై ఏడేళ్ళకి రెండో పరుగు కోసం పరిగెత్తడు.

మూడోది మనకి సంబంధించింది. పీటీ పీరియడ్‌ని లెక్కల సార్ పట్టుకుపోతే మనలో ఎవరమూ ఎప్పుడూ అడగలేదు. సంతోషించాం. ఆట స్థలం లేని అపార్టుమెంటు కాలేజీలకి లక్షలు కట్టి, కాళ్ళు చాపుకునే చోటుందా అని కూడా చూడలేదు. 5 నుంచి 17 ఏళ్ళ పిల్లలకి రోజుకి సగటున గంటసేపు ఒళ్ళు అలిసే పని ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. మన పిల్లలకి ఆ గంట ఎక్కడుందో టైంటేబుల్లో వెతికి చూడండి.

ఈసారి పేరెంట్స్ మీటింగుకి వెళ్ళినప్పుడు, ఫిజిక్సులో రెండు మార్కులు ఎందుకు తగ్గాయో అడిగాక, ఇంకో మూడు ప్రశ్నలడగండి. పీటీ పీరియడ్లు వారానికి ఎన్ని నిజంగా జరుగుతున్నాయి? ఆటకి ముందు వార్మప్ ఎవరు, ఎలా చేయిస్తున్నారు? పిల్లకి నొప్పి వస్తే ఎవరికి చెప్పాలో పిల్లకి తెలుసా? మూడో ప్రశ్నకి జవాబు స్కూలు కంటే ముందు మన ఇంట్లో వెతకాలని నాకు కాస్త ఆలస్యంగా తెలిసింది.

మొన్న డిసెంబర్లో మళ్ళీ ఆఫీసు టోర్నమెంటు వచ్చింది. రెండు నెలల ముందు నుంచి మా అమ్మాయి నాకు ప్లాను వేసింది. మ్యాచ్ రోజు ఇరవై నిమిషాలు వార్మప్ చేశాను, కుర్రాళ్ళు నవ్వారు. పన్నెండు పరుగులు చేశాను, కాలు బాగానే ఉంది.

మళ్ళీ రనౌటే అనుకోండి. దానికి ఏ శాస్త్రమూ లేదట :)